టీ గ్లాసు మచ్చ

మంగళవారం

పెళ్లిరోజుకి ఎక్కడికైనా వెళ్దామా అని ఈయన అడిగాడు. అడిగింది నన్నేనా అని వెనక్కి తిరిగి చూశాను కూడా. కొట్లో ఇంకెవరూ లేరు.

పదిహేనేళ్ల కాపురంలో ఈయన నన్ను తీసుకెళ్లిన ప్రయాణాలన్నీ ఎవరింట్లోనో విరిగిన మంచం చూడ్డానికే. ఈయన పాత సామాను బాగుచేస్తాడు, నేను వాటికి స్పాంజి పెట్టి గుడ్డ బిగిస్తాను. పెళ్లిరోజు గుర్తుంటే షట్టర్ కాస్త ముందుగా దించుతాం. గుర్తులేకపోతే అదీ లేదు. అలాంటి మనిషి, నేను నోట్లో చిన్న మేకులు పెట్టుకుని కుర్చీ అడుగున గుడ్డ బిగిస్తుంటే వచ్చి, శుక్రవారం వెళ్లి ఆదివారం వచ్చేద్దాం అన్నాడు. మేకులు మింగినంత పనయింది.

నది ఒడ్డున ఏదో పాత ఊరట. ఒకప్పుడు సరుకు పడవలు ఆగేవట. తర్వాత పాడుబడితే ఇప్పుడు గోదాములన్నీ బాగుచేసి హోటళ్లు, కొట్లు పెట్టారట. చెప్పినంతసేపూ అట, అట అంటూనే ఉన్నాడు. కానీ హోటల్ మెట్లు కాస్త ఎత్తుగా ఉంటాయి, నీ మోకాలు జాగ్రత్త అని కూడా అన్నాడు.

"మెట్ల ఎత్తు మీకెలా తెలుసు?"

"ఫొటోలో చూశా."

ఫొటో చూపించమంటే ఫోన్‌లో చార్జింగ్ లేదన్నాడు. కాసేపటికి అదే ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడటానికి బయటికి వెళ్లాడు.

నాకేం అనుమానం లేదు. ఊరికే రాసిపెట్టుకుంటున్నాను.

మంగళవారం, మళ్లీ

ఇది కూడా రాసిపెట్టుకోవాలి. ఈ మధ్య టేకు చూడ్డానికని మూడు నాలుగుసార్లు పొద్దున్నే వెళ్లి చీకటిపడ్డాక వచ్చాడు. టేకు ముక్క ఒక్కటి కూడా రాలేదు. వచ్చిందల్లా చెప్పుల మీద సున్నం. కలప అడితిలో సున్నం వేయించుకునేవాళ్లు ఎవరుంటారు?

బుధవారం

అక్క ఫోన్ చేసింది. విషయం చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను.

"ఒసే, మొగుడు అడక్కుండా తిప్పుతానన్నాడంటే ఏదో దాస్తున్నాడన్నమాటే. మీ బావ నాకు ఉంగరం కొనిచ్చిన సంగతి మర్చిపోయావా? ఆ వారంలోనే కదా ఉద్యోగం పోయిందని బయటపడింది!"

"ఈయన అలాంటివాడు కాదక్కా. ఈయనకి అబద్ధం చెప్పడం రాదు."

"నీకలా అనిపిస్తోందంటే బాగానే వచ్చన్నమాట" అంది అక్క. ఆవిడ నోరే అంత.

అక్కకి తెలియదు కానీ, నా దగ్గర సాక్ష్యం ఉంది. తొమ్మిదేళ్ల కింద నేను ఆస్పత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికి వచ్చేసరికి చిన్న గదిలో ఊయల లేదు. ఈయనే నెలల తరబడి కూర్చుని చేసిన ఊయల. ఏమైందని అడిగాను. కొట్టి పొయ్యిలో పెట్టేశానన్నాడు, నా మొహంలోకి చూసి. ఇంకెవరైనా అయితే ఎవరికో ఇచ్చేశానని మెత్తగా చెప్పి తప్పించుకునేవాళ్లు. నన్ను ఒక్కమాట అడగకుండా కాల్చేశాడు, అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. అది వేరే సంగతి. కానీ అంత మాట మొహం మీద చెప్పగలిగినవాడు ఇంకేం దాస్తాడు?

చిన్న గదిలో ఇప్పుడు స్పాంజి చుట్టలు పెడుతున్నాం. బాగానే పడతాయి.

గురువారం

జుట్టుకి రంగు వేయించుకొచ్చాడు.

శుక్రవారం, హోటల్ గదిలో

ఈయన స్నానానికి వెళ్లాడు. నీళ్ల చప్పుడు ఆగేలోపు రాయాలి.

పాత ఊరంటే పాతగా ఉంటుందనుకున్నాను. ఇక్కడ పాతదనం కూడా కొత్తగా వేయించారు. వీధి పొడుగునా కిటికీ రెక్కలన్నిటికీ ఒకటే ఆకుపచ్చ రంగు. గోదాము గోడలకి కావాలనే అక్కడక్కడా గిలాబా పూత వేయకుండా వదిలేశారు, ఇటుకలు కనిపించాలని. ఉప్పు బస్తాలు దాచిన చోట ఇప్పుడు సబ్బులమ్ముతున్నారు. చక్రం ఊడిన తోపుడు బండిని నడివీధిలో పెట్టి దాని పక్కన జనం ఫొటోలు దిగుతున్నారు. మా కొట్టు వెనకాల అంతకంటే మంచి బండి పడి ఉంది, దాని మొహం ఎవరూ చూడరు. మా కొట్టుకి ఒక నియమం ఉంది, ఈయనే పెద్ద అక్షరాలతో పెయింటు వేయించాడు: పాతది పాతదే, కొత్తది కొత్తదే. కొత్త బల్లకి పొగ పట్టించి పాతదని అమ్మిపెట్టమని ఒక వ్యాపారి వస్తే, కూర్చోమని కూడా అనలేదు. అలాంటి మనిషికి ఈ రంగుల ఊరు ఎలా నచ్చిందో.

బస్సు దిగాక ఈయన ఎవరినీ దారి అడగలేదు. రొట్టెల కొట్టు పక్క సందులోంచి అడ్డదారిన తీసుకొచ్చాడు.

"ఈ సందు కూడా ఫొటోలో ఉందా?" అన్నాను.

సంచి ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని ముందు నడిచాడు.

హోటల్ ఒకప్పటి టెలిగ్రాఫ్ ఆఫీసు. టెలిగ్రాములు ఇచ్చిపుచ్చుకునే కిటికీ వెనకాల ఇప్పుడు ఒక అమ్మాయి కూర్చుని తాళాలిస్తోంది. మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది. "వచ్చారా సార్! మేడమ్‌ని తీసుకొచ్చేశారే!" అంది. ఈయన దగ్గాడు. ఆ దగ్గు నాకు తెలుసు. బేరం దగ్గర నన్ను నోరు మూసుకోమనడానికి దగ్గే దగ్గు అది.

మెట్లు నిజంగానే ఎత్తుగా ఉన్నాయి.

శుక్రవారం, టీ తాగి వచ్చాక

కింద వీధిలో టీ తాగాం. నేను గ్లాసు బల్ల మీద పెట్టబోతే ఎప్పటిలాగే కింద మడిచిన కాగితం దూర్చాడు. ఎన్నో ఏళ్లుగా ఇదే చాదస్తం. ఎవరింటికి వెళ్లినా, బల్ల రాయిదైనా సరే, నా గ్లాసు కింద ఏదో ఒకటి దూర్చందే ఊరుకోడు.

ఎదురుగా పెద్ద మేడ ఉంది. ఎవరో షావుకారు కట్టించిందట. ఇప్పుడు టికెట్టు పెట్టి చూపిస్తున్నారు. దాని బాల్కనీలోంచి ఎర్ర కళ్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ మా వైపు చెయ్యి ఊపింది. ఒకసారి కాదు, తడి గుడ్డ విదిలించినట్టు ఊపుతూనే ఉంది. నాకంటే చిన్నదే. నవ్వు బాగుంది.

ఈయన వెంటనే కిందికి వంగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఈయన వేసుకున్నవి చెప్పులు.

"ఎవరావిడ?"

"ఎవరు?"

"ఆవిడే, ఆ ఎర్ర కళ్లద్దాలు."

"ఏమో. వచ్చిన వాళ్లందరికీ ఊపుతారేమో."

మా పక్క బల్ల దగ్గర ముసలి జంట కూర్చుని ఉంది. వాళ్లకి ఊపలేదు.

రేపు ఆ మేడ చూద్దామన్నాను. రేపు జనం ఎక్కువుంటారు, ఎల్లుండి చూద్దామన్నాడు.

శనివారం, పొద్దున్న

ఈ డైరీని గదిలోని బల్ల సొరుగులో పెట్టి పోదామనుకున్నాను. సొరుగు లాగితే మెత్తగా జారుకుంటూ ఒళ్లోకి వచ్చేసింది. ఇంత పాత బల్లకి సొరుగు అలా రాదు. మొరాయిస్తుంది, ఒక పక్కకి పడుతుంది. అడుగున వేలితో రుద్ది వాసన చూశాను. కొవ్వొత్తి మైనం.

సొరుగులకి కొవ్వొత్తి రుద్దేది మా ఆయన. ఇంట్లో కరెంటు పోతే వెలిగించడానికి కొవ్వొత్తి ముక్క మిగలదు, అన్నీ ఈయన సొరుగులకే. బల్ల కాళ్ల దగ్గర కూర్చుని చూశాను. మేకు లేని అతుకులు, లోపలి అంచు కూడా నున్నగా గీసి ఉంది. ఎవరూ వేలు పెట్టని చోట కూడా నున్నగా గీసేవాడు నేను ఎరిగినంతలో ఒక్కడే.

అయితే ఈ బల్ల ఈయన బాగుచేశాడు. ఈ హోటల్లోనే. టేకు చూడ్డానికి వెళ్లిన రోజుల్లో.

నా ఒళ్లు మండింది దానికి కాదు. బల్ల ముందు కుర్చీ ఉంది. దాని చెక్క పని ఈయనదే. గుడ్డ పని నాది కాదు. తిరగేసి చూశాను. ఎవరో పిచ్చిపిచ్చిగా బిగించారు, మూలల్లో ముడతలు, కుట్టు వంకర. మా ఆయన బాగుచేసిన కుర్చీకి ఇంకొకరు గుడ్డ వేయడం పదిహేనేళ్లలో ఎప్పుడూ జరగలేదు. ఎవరిదో ఈ చెయ్యి? ఎందుకు నాకు చెప్పలేదు? చక్కగా పని దొరికితే ఇంటికొచ్చి గంతులేసి చెప్పాలి కదా. దాచాడంటే పని కోసం రాలేదు. ఎవరి కోసమో వచ్చి పని చేశాడు.

పెళ్లిరోజు. ఈయన లేచాడు. నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను.

శనివారం, సాయంత్రం

మధ్యాహ్నం పడవ ఎక్కించాడు. పాతకాలపు బట్టలు తొడిగి ఫొటోలు తీసే కొట్టుకి తీసుకెళ్లాడు. నాకు పొడుగు చేతుల జాకెట్టు, ఈయనకి కోటు, చేతికర్ర. ఫొటోగ్రాఫరు దగ్గరగా జరగమన్నాడు. జరిగాం. ఫొటోలో ఇద్దరం కొత్తగా పెళ్లయినవాళ్లలా భయపడుతున్నట్టు వచ్చాం.

ఇంత బాగా చూసుకుంటున్నాడంటే ఎంత పెద్దది దాస్తున్నాడో.

అక్కకి ఫోన్ చేద్దామనుకున్నాను. చెయ్యలేదు. చేస్తే ఆవిడ గెలిచినట్టు.

తర్వాత తలనొప్పి మాత్రలు తెస్తానని ఈయన కిందికి వెళ్లాడు. నొప్పి నా తలకి కాదు, తన తలకేనట. కిటికీలోంచి చూశాను. మందుల కొట్టు కుడివైపు. ఈయన ఎడమవైపు నడిచాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాను. ఈ వయసులో మొగుడి వెనకాల పిల్లిలా నడుస్తానని ఎవరనుకున్నారు?

మేడ పక్క గుమ్మం దగ్గర ఈయన, ఆ ఎర్ర కళ్లద్దాలావిడ నిలబడి ఉన్నారు. నేను సబ్బుల కొట్టులో తలుపు వెనకాల నిలబడ్డాను. కొట్టువాడు ఏ వాసన కావాలని అడుగుతుంటే సగమే వినిపించింది.

ఆవిడ అంది, "ఇంకా చెప్పలేదా? మీరేం మనిషండీ బాబూ! ఎన్నాళ్లు దాస్తారు ఆవిడ దగ్గర?"

ఈయన అన్నాడు, "చెప్తానండీ. నోరు రావట్లేదు. రేపు ఎలాగైనా చెప్తా."

"పైన గది రేపు ఖాళీగా ఉంచమంటారా?"

ఈయన తలూపాడు. అంత జాలిగా ఈయన ఎప్పుడు తలూపాడో నాకు గుర్తులేదు.

సబ్బు కొనాల్సి వచ్చింది. గంధం వాసన. గదికి వచ్చి చేతులు కడుక్కున్నాను, రెండోసారి కూడా కడుక్కున్నాను.

మాత్రలు తెచ్చాడు. వేసుకోలేదు.

నాకు అనుమానం లేదు. అనుమానం అంటే తెలియనప్పుడు ఉండేది.

ఆదివారం, పొద్దున్న

ఈయన ఇంకా పడుకుని ఉన్నాడు. మేడ తలుపులు తెరిచారు. నేనే వెళ్తున్నాను. ఆవిడ నోటితోనే వింటాను. ఇల్లు వదిలి అక్క దగ్గరికి పోవాలో, కొట్లో నా దబ్బనాలు, కత్తెరలు సర్దుకోవాలో అక్కడే తేల్చుకుంటాను.

ఆదివారం, మధ్యాహ్నం

ఎక్కడ మొదలుపెట్టాలి.

టికెట్టు కొన్నాను. నాతోపాటు ఇంకో పది మంది దాకా ఉన్నారు, పిల్లలతో వచ్చినవాళ్లు. ఎర్ర కళ్లద్దాలావిడే తిప్పి చూపిస్తోంది. నన్ను చూసి మొహం వెలిగిపోయింది. "అయ్యో, సార్ రాలేదా? మీరొక్కరే వచ్చారా?" అని, జనం ముందు ఇంకేం అనలేక నవ్వి ఊరుకుంది. నేను నవ్వలేదు. అందరూ వెళ్లాక పట్టుకుందామని వెనకాల నడిచాను.

కింద గదుల్లో బీరువాలు, తాళాలు, త్రాసులు. ఎక్కడ చూసినా ఈయన చెయ్యి కనిపిస్తూనే ఉంది. తలుపు రెక్క, కిటికీ చట్రం, మెట్ల కమ్మీ. నేను ఒక్కొక్కటీ పట్టుకుని చూస్తుంటే ఒళ్లు ఇంకా మండుతోంది. ఇంత పని! ఇంత పని నాకు తెలియకుండా!

పైన ఆడవాళ్ల గది. ఆవిడ తలుపు తీసి, "ఇది షావుకారు భార్య గది" అంది. కిటికీ దగ్గర, వెలుతురు పడే చోట, తాడు కట్టి లోపలికి పోకుండా ఆపిన చోట ఊయల ఉంది.

మొదట నాకేమీ అనిపించలేదు. మంచి ఊయల అనుకున్నాను. పనివాడి కన్నుతో చూశాను. పాత టేకు, ఏదో ఇల్లు పడగొడితే వచ్చిన తలుపుల చెక్క అయి ఉంటుంది, అతుకుల్లో మేకు లేదు, పక్క పలకల మీద చిన్న చిన్న ఆకులు. ఎడమ పక్క ఆకులు కుడి పక్క వాటికంటే కొంచెం లావు. ఎడమ పక్క మొదలుపెట్టగానే ఉలి జారి ఈయన వేలు తెగింది, కట్టుతోనే ఆ పక్కంతా చెక్కాడు. కట్టు కట్టింది నేను.

"ఈ ఊయలలో ఈ ఇంట్లో నాలుగు తరాల పిల్లలు ఊగారు" అంటోంది ఆవిడ. "ఈ పై కమ్మీ మీద గుండ్రంగా తెల్లటి మచ్చ చూశారా? షావుకారు భార్య రాత్రిళ్లు పిల్లని ఊపుతూ దీపం ఇక్కడే పెట్టుకునేదట. ఆ వేడికి పడిన మచ్చ ఇది."

అది దీపం మచ్చ కాదు. నాకు ఏడో నెల. ఈయన లక్క పాలిష్ వేసి ఆరబెట్టాడు, ముట్టుకోవద్దన్నాడు. నేను టీ తాగుతూ చూడ్డానికి వచ్చి, నడుం నొప్పిగా ఉంటే వేడి గ్లాసు కమ్మీ మీద పెట్టి కూర్చున్నాను. గ్లాసు తీసేసరికి తెల్లగా వలయం. ఈయన లబలబలాడాడు. గీకేసి మళ్లీ పాలిష్ చేస్తానన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, "ఉండనీలే, పెద్దయ్యాక వాడికి చూపిద్దాం, మీ అమ్మ చేసిన ఘనకార్యం ఇదిరా అని" అన్నాడు. అప్పటినుంచే నా గ్లాసు కింద కాగితాలు.

"అది టీ గ్లాసు మచ్చండీ" అన్నాను. నా నోటికి అదే వచ్చింది.

ఆవిడ మర్యాదగా నవ్వింది. "ఆ రోజుల్లో ఈ ఊళ్లో టీ ఎక్కడిదండీ! గ్లాసులూ లేవు." అందరూ నవ్వారు. ఎవరో ఫొటో తీసుకున్నారు. గుంపు పక్క గదిలోకి వెళ్లిపోయింది. నేను తాడు పట్టుకుని నిలబడిపోయాను.

కాల్చేశానన్నాడు. నా మొహంలోకి చూసి అన్నాడు.

గుమ్మంలో ఈయన ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. పరిగెత్తుకొచ్చి ఉంటాడు.

వెనక వసారాలో మెట్ల మీద కూర్చున్నాం. ఈయన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"పొయ్యి దాకా తీసుకెళ్లాను. గొడ్డలి కూడా ఎత్తాను. నా వల్ల కాలేదే."

"మరి కాల్చేశానని ఎందుకు చెప్పారు?"

"అది నా కంటికి కనపడకూడదు అన్నావు. ఆస్పత్రిలో. ఉందని తెలిస్తే నువ్వు వెతుక్కుంటావని... మా అన్నయ్య వాళ్ల అటక మీద పెట్టాను."

నేనన్నానా అలా? నాకు గుర్తులేదు. అని ఉండొచ్చు. ఆ రోజుల్లో ఏమన్నానో ఎవరు చూశారు. ఈయన చూశాడు.

వాళ్ల అన్నయ్య ఇల్లు పడగొడుతున్నారట. ఊయల తీసుకుపొమ్మన్నారట. ఇంటికి తేలేక, ఎవరికీ ఇవ్వలేక తిరుగుతుంటే ఈ మేడ పని దొరికింది. ఆడవాళ్ల గదిలో ఒక పాత ఊయల ఉంటే బాగుంటుంది, ఎక్కడైనా దొరుకుతుందా అని ఆవిడ అడిగిందట. పాత ఇంట్లో దొరికిందని చెప్పి ఇచ్చేశాడు. హోటల్ పని కూడా ఆవిడే ఇప్పించింది. హోటల్ వాళ్లు మాకు ఊరికే గది ఇచ్చింది అందుకే. కుర్చీలకి గుడ్డ మాత్రం ఎవరో కంపెనీవాళ్లు వేసి పంపించారట. అది కూడా అడిగాను. అడక్కుండా ఎలా ఉంటాను?

"మరి నిన్న ఆవిడ, ఇంకా చెప్పలేదా అని..."

"నువ్వు విన్నావా?"

"సబ్బుల కొట్లో ఉన్నాను."

నా వైపు చూశాడు. నవ్వు వచ్చినట్టే వచ్చి మొహం ఇంకోలా అయిపోయింది. "నేనిక్కడ ఇంత పని చేశానని నీకు తెలియదని చెప్పాను. నిన్ను తెచ్చి చూపిస్తానన్నాను. ఊయల సంగతి ఆవిడకి తెలీదు. గది ఖాళీగా ఉంచమన్నది ఎందుకంటే... నువ్వు చూసినప్పుడు ఎవరూ ఉండకూడదని."

అప్పుడు ఏడ్చాను. కోపంగా ఏడ్చాను. ఈ ఏడుపు ఎవరి మీదో కూడా తెలియలేదు. తొమ్మిదేళ్లు ఈయన్ని తిట్టుకున్నాను లోపల. కొట్లో నిప్పు రాజేసినప్పుడల్లా ఈయన వైపు కోపంగా చూశాను. ఆ చూపు ఈయన చూడలేదనుకున్నాను.

"మన కొట్లో ఏం రాసుంది?" అన్నాను కళ్లు తుడుచుకుని. "కొత్తది కొత్తదే అని కదా. పాతదని చెప్పి అంటగట్టారు!"

"అమ్మలేదుగా. ఇచ్చాను."

"నాలుగు తరాల పిల్లలు ఊగారంటోంది ఆవిడ!"

"ఆ మాట నేను చెప్పలేదు. ఆవిడే కథ కట్టింది." అరచేతులు మోకాళ్లకి రుద్దుకున్నాడు. "మొదటిసారి విన్నప్పుడు చెప్పేద్దామనుకున్నా. తర్వాత... నేనూ టికెట్టు కొనుక్కుని జనంలో నిలబడి విన్నా. రెండు మూడుసార్లు. అందరూ ఊగారంటుంటే బాగుందే. ఎవరూ ఊగలేదంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా."

ఈయన లేచి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నువ్వు వద్దంటే ఇప్పుడే ఉన్నదున్నట్టు చెప్పి తీసుకుపోదాం. బస్సు పైన వేస్తారు. దాని మీద నీకే ఎక్కువ హక్కు. నువ్వు ఎలా అంటే అలా."

ఇంటికి తెస్తే ఎక్కడ పెడతాం? చిన్న గదిలో. స్పాంజి చుట్టలు తీసేసి. రోజూ తలుపు తెరిచినప్పుడల్లా. తేకపోతే, ఎవరో షావుకారు భార్యది అయిపోతుంది నా ఊయల. నా గ్లాసు ఆవిడ దీపం అయిపోతుంది. రెండూ నాకు నచ్చలేదు. ఒకసారి మళ్లీ చూసి చెప్తానన్నాను.

ఆదివారం, బస్సులో

అక్షరాలు గుంతల్లో పడుతున్నాయి. అయినా ఇప్పుడే రాయాలి.

పైకి వెళ్లాం. గది ఖాళీగా ఉంటుందనుకున్నాను. ఒక చిన్న పిల్ల ఉంది, ఐదారేళ్లుంటాయి. వాళ్ల అమ్మ బయట ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోంది. పిల్ల తాడు కిందనుంచి దూరి ఊయల పక్కన మునివేళ్ల మీద నిలబడి లోపలికి తొంగిచూస్తోంది. లోపల ఏముంది, ఏదో చవక స్పాంజి ముక్క, దాని మీద మెరిసే గుడ్డ. ఊయలకి అలాంటి గుడ్డ వేస్తారా ఎవరైనా. పిల్లలకి చెమట పట్టదూ?

"పాపాయి ఏడి?" అంది పిల్ల నన్ను చూసి.

ఈయన పక్కకి తిరిగి కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

"పెద్దవాడైపోయాడమ్మా" అన్నాను.

"ఎంత పెద్ద?"

"నీకంటే కాస్త పెద్ద."

పిల్లకి సరిపోయింది ఆ జవాబు. వేలితో ఊయలని ఒకసారి మెల్లగా ఊపింది. కిర్రుమనలేదు. ఈయన చేసింది కదా, కిర్రుమనదు. కాసేపు అలా ఊగి దానంతటదే ఆగింది. వాళ్ల అమ్మ పిలిస్తే పిల్ల పరిగెత్తుకుపోయింది.

మేం తాడు విప్పలేదు. కింద ఆవిడకి చెప్పి వచ్చేశాం. ఆవిడ నా చేతులు పట్టుకుని, "ఎలా ఉందండీ మీ ఆయన పని? అన్నీ చూశారా?" అంది.

"చూశాను. ఊయలలో పరుపు బాగాలేదు" అన్నాను. "నేను కుట్టి పంపిస్తాను. తెల్లటి మెత్తటి నూలు గుడ్డతో."

"అయ్యో, అప్పటివాళ్లు వాడినట్టే ఉండాలండీ మరి."

"అలాగే ఉంటుంది" అన్నాను.

ఈయన పక్క సీట్లో నిద్రపోతున్నాడు. నోరు తెరిచి. చొక్కా గుండీలు ఇంకా తప్పుగానే ఉన్నాయి. సరిచేయలేదు, లేస్తాడని.

మంగళవారం

అక్క ఫోన్ చేసింది. "ఏం బయటపడింది?" అంది.

"పెళ్లిరోజు" అన్నాను.

"నాతో కూడా దాపరికమేనా?" అంది. పెట్టేశాను. దీనిమీద ఇప్పుడు ఆవిడకి అనుమానం.

బుధవారం

చిన్న గదిలోంచి స్పాంజి చుట్టలు కొట్లోకి మార్చాం. గది ఇంత పెద్దదని మర్చిపోయాను. కిటికీ తెరిచి అక్కడే కూర్చుని పరుపు గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టాను. తొమ్మిదేళ్ల కింద కుట్టాల్సింది. ఇంకా టైముంది కదా అని అప్పుడు ఊరుకున్నాను.

ఈయన టీ తెచ్చాడు. గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు, కింద కాగితం లేకుండా. తర్వాత జేబులోంచి టేపు తీసి ఇచ్చాడు.

"కొలతలు రాసుకోలేదు కదా. పొడుగు, వెడల్పు చెప్పమంటావా?"

అక్కర్లేదన్నాను.